ఇరవై నాలుగు తలుపులు: జర్మన్ ఆగమన క్యాలెండర్ ఇంట్లోనే తయారుచేసే పద్ధతి

పండగ కంటే పండగ కోసం ఎదురుచూడటమే బాగుంటుందని జర్మన్లు మొహమాటం లేకుండా ఒప్పుకుంటారు. ఆ సంబరానికి వాళ్ల దగ్గర ‘ఫోర్‌ఫ్రాయ్డె’ అనే మాట ఉంది, అన్ని సంతోషాల్లోకీ అదే మేటి అనే సామెతా ఉంది. దానికోసం ఒక పనిముట్టు కూడా తయారుచేసుకున్నారు. క్రిస్మస్ కోసం ఎదురుచూస్తూ డిసెంబర్ 1 నుంచి 24 దాకా రోజుకొకటి చొప్పున తెరిచే తలుపుల క్యాలెండర్ అది. జర్మన్‌లో ‘ఆడ్వెంట్స్‌కలెండర్’. దుకాణంలో దొరికేదాన్ని కొనడానికి ఎవరి సలహా అక్కర్లేదు. ఇక్కడ చెప్పేదంతా సొంతంగా చేసుకునేవాళ్ల కోసం.

ముందుగా 24 అనే అంకె సంగతి. చర్చి లెక్క ప్రకారం ఆగమన కాలం, అంటే క్రీస్తు రాక కోసం ఎదురుచూసే రోజులు, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం మొదలవుతుంది. ఆ ఆదివారం నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య ఎప్పుడైనా పడొచ్చు. అందుకే ఈ కాలం ఒక ఏడాది 28 రోజులుంటే మరో ఏడాది 22 రోజులే ఉంటుంది. 2023లో ఈ కాలంలోని చివరి ఆదివారం సరిగ్గా డిసెంబర్ 24నే పడింది. ఇంట్లో వేలాడే క్యాలెండర్‌కు ఈ హెచ్చుతగ్గులతో పనిలేదు. ఎప్పుడూ డిసెంబర్ 1న మొదలై 24న ముగుస్తుంది. జర్మన్ ఇళ్లలో కానుకలు పంచుకునేది 25 ఉదయం కాదు, 24 సాయంత్రం. అందుకే 25వ తలుపు ఉండదు. కొత్తగా చేసేవాళ్లు ‘క్రిస్మస్ 25న కదా’ అని ఒకటి అదనంగా పెట్టి, అందులో ఏం వేయాలో తెలియక తికమకపడుతుంటారు.

19వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ కుటుంబాలు ఇంటి తలుపు మీద సుద్దతో 24 గీతలు గీసేవి. పిల్లలు రోజుకొకటి చెరిపేసేవారు. హాంబుర్గ్‌లో బీద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిష్ విషెర్న్ 1839లో ఒక బండి చక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు నిలబెట్టి, రోజుకొకటి వెలిగించేవాడు. ఇప్పుడు జర్మన్ ఇళ్లలో బల్లమీద కనిపించే నాలుగు కొవ్వొత్తుల దండకు మూలం అదే. అచ్చు క్యాలెండర్‌కు పేరు తెచ్చినవాడు మ్యూనిక్ ప్రచురణకర్త గెర్‌హార్డ్ లాంగ్. చిన్నప్పుడు అతని తల్లి అట్టముక్క మీద 24 చిన్న బిస్కట్లు కుట్టి ఇచ్చేదట. 1900ల మొదట్లో అతను అచ్చువేసినవాటిలో తలుపులు లేవు. బొమ్మలు కత్తిరించి గళ్లలో అంటించాలి. తెరిచే తలుపులు తర్వాత వచ్చాయి. డబ్బు, ఓపిక రెండూ లేనివాళ్లకు సుద్దగీతల పద్ధతి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. నల్లబల్ల, సుద్దముక్క, తడిగుడ్డ చాలు.

ఏ రకం చేయాలి?

బొమ్మ మాత్రమే కనబడితే చాలనుకుంటే రెండు కాగితాల క్యాలెండర్. లోపల వస్తువు పెట్టాలనుకుంటే 24 సంచుల తాడు. చోటు తక్కువైతే అగ్గిపెట్టెల బీరువా. మొదటిసారి చేసేవాళ్లకు సంచులే మేలు. ఒకటి పాడైతే ఒకటే మళ్లీ కుట్టుకోవచ్చు. కాగితం క్యాలెండర్‌లో ఒక్క తలుపు అడ్డంగా తెగినా మొత్తం పోయినట్టే.

రెండు కాగితాల క్యాలెండర్

ఏ3 సైజు కాగితాలు రెండు కావాలి. ముందు కాగితం 160 నుంచి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మందం ఉండాలి. అంతకంటే పలచనైతే వెనక బొమ్మ నీడలా కనిపించి గుట్టు రట్టవుతుంది. 250 దాటితే మడత దగ్గర పగులుతుంది. వెనక కాగితం 120 సరిపోతుంది. ఇవి కాక లోహపు స్కేలు, కొత్త బ్లేడున్న కట్టర్, కింద వేసుకోవడానికి కటింగ్ మ్యాట్, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ ఒకటి, గమ్ స్టిక్ దగ్గర పెట్టుకోండి.

అడ్డంగా పెట్టిన ఏ3 కాగితం 42 సెం.మీ. వెడల్పు, 29.7 సెం.మీ. ఎత్తు ఉంటుంది. చుట్టూ 2 సెం.మీ. వదిలితే ఆరు నిలువు వరుసలు, నాలుగు అడ్డు వరుసలు హాయిగా పడతాయి. మామూలు తలుపు 4 సెం.మీ. వెడల్పు, 4.5 సెం.మీ. ఎత్తు. 24వది మాత్రం 6 × 5.5 సెం.మీ., రెండు రెక్కలుగా. గళ్లు మరీ సైనికుల వరుసలా ఉంటే అందం పోతుంది కాబట్టి ఒక్కో తలుపును అటూ ఇటూ కాస్త జరపండి. కానీ రెండు తలుపుల మధ్య 1 సెం.మీ. కంటే తగ్గకూడదు. గమ్ పట్టేది ఆ మధ్య పట్టీల మీదే.

ముందు బొమ్మంతా గీసి, రంగులు ఆరాకే కోయాలి. కోసిన కాగితం మీద రంగు వేస్తే తడికి తలుపు అంచులు లేచిపోతాయి. అంకెలు వరుసగా వేయకండి. 7 పక్కన 19, దాని కింద 2 ఉండాలి. రోజూ పొద్దున్నే ఆ అంకెను వెతుక్కోవడం కూడా సంబరంలో భాగమే.

తలుపుకు పైన, కింద, కుడివైపు కోయండి. ఎడమవైపు వదిలేయండి. కుడివైపు గీతలో సరిగ్గా మధ్యన ఒక్క మిల్లీమీటరు కోయకుండా ఉంచాలి. ఆ చిన్న తునకే తలుపును మూసి ఉంచుతుంది, తెరిచేటప్పుడు ‘టప్’మని తెగుతుంది. దాన్ని మరిచిపోతే అంటించేలోపే తలుపులన్నీ వాటంతట అవే నోళ్లు తెరుస్తాయి. తర్వాత కాగితం తిరగేసి, కోయకుండా వదిలేసిన వైపు కోత కొసలు రెండింటినీ కలుపుతూ స్కేలు ఆనించి ఖాళీ బాల్‌పెన్‌తో గట్టిగా ఒక గీత లాగండి. తలుపు ముందుకు తెరుచుకుంటుంది కాబట్టి ఆ గాడి వెనకవైపే ఉండాలి. ముందువైపు లాగితే మడత ఎదురు తిరుగుతుంది, బొమ్మ మీద మచ్చా పడుతుంది. 24వ తలుపుకు మాత్రం పైన, కింద, నిలువునా మధ్యలో కోసి, రెండు పక్కలా గాడి లాగాలి.

బొమ్మల చోటు తప్పడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యే చిక్కు. కొలతలు వేసి వెనక కాగితం మీద విడిగా గళ్లు గీస్తే ఎక్కడో ఒక చోట 3, 4 మి.మీ. తేడా వచ్చి సగం బొమ్మే కనిపిస్తుంది. ఆ తంటా లేకుండా ముందు కాగితాన్ని వెనక కాగితం మీద సరిగ్గా పరిచి, అంచులకు రెండు క్లిప్పులు పెట్టి, ప్రతి తలుపు నాలుగు మూలల్లోనూ గుండుసూదితో పొడవండి. క్లిప్పులు తీశాక వెనక కాగితం మీద కనిపించే చుక్కల్ని కలిపితే గళ్లు వచ్చేస్తాయి. బొమ్మను ఆ గడి కంటే అన్నివైపులా 3 మి.మీ. పెద్దగా గీస్తే కొద్దిగా జరిగినా తెల్ల అంచు కనబడదు.

అంటించేటప్పుడు నీళ్లలాంటి జిగురు వాడితే ఏ3 కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది. గమ్ స్టిక్ గానీ రెండువైపులా అంటుకునే టేపు గానీ వాడండి. వెనక కాగితం మీద గళ్ల మధ్య పట్టీలకే రాసి, గడి అంచు నుంచి 3 మి.మీ. దూరం పాటించాలి. పైనుంచి మొదలుపెట్టి అరచేత్తో నొక్కుతూ కిందికి రండి. ఒక రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచాలి. కిటికీకి వేలాడదీయాలనుంటే వెనక మామూలు కాగితానికి బదులు ట్రేసింగ్ పేపర్ వాడి, ముందు కాగితానికి ముదురు రంగు వేయండి. జర్మనీలో డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు దాటేసరికి చీకటి పడుతుంది. లోపలి దీపం వెలుగుకు తెరిచిన తలుపులు మాత్రమే వీధిలోకి మెరుస్తాయి.

సంచుల తాడు

ఒక్కో సంచికి 12 × 32 సెం.మీ. గుడ్డ. పై అంచులు రెండూ 2 సెం.మీ. చొప్పున మడిచి కుట్టి, మధ్యకు మడిచి, పక్కల 1 సెం.మీ. వదిలి కుడితే 10 × 14 సెం.మీ. సంచి వస్తుంది. పన్నా 110 సెం.మీ. ఉన్న గుడ్డ మీటరు తీసుకుంటే అడ్డంగా ఎనిమిది ముక్కలు, అలాంటివి మూడు వరుసలు, అంటే సరిగ్గా 24 వస్తాయి. ఉతికితే కుంచించుకుపోయే నూలు గుడ్డయితే ముందే తడిపి ఆరేయండి.

24 సంచులకూ ఒకే తాడు వద్దు. సంచికి 10, మధ్య ఎడం 3 సెం.మీ. వేసుకున్నా మూడు మీటర్లు దాటుతుంది. అంత పొడవు తాడు మధ్యలో వేలాడిపోయి, సంచులన్నీ జారి ఒకచోట గుంపు కడతాయి. 2 మీటర్ల తాళ్లు రెండు తీసుకుని, ఒక్కోదానికి 12 సంచుల చొప్పున చెక్క క్లిప్పులతో బిగించండి. తాడు మధ్యలో కూడా ఒక మేకు ఉండాలి. ఒక్కో సంచి బరువు 50 గ్రాములు దాటకుండా చూసుకుంటే తాడుకు 600 గ్రాములు. మామూలు మేకులు తేలిగ్గా మోస్తాయి, గోడకు అంటించే హుక్కులు మాత్రం ఊడి రావొచ్చు. అంకెలు గుడ్డ మీద రంగుతో వేయకుండా అట్టముక్కల మీద రాసి పిన్నుతో పెట్టుకుంటే వచ్చే ఏడాది వరుస మార్చుకోవచ్చు.

గదిని వేడి చేసే రేడియేటర్ పైన మాత్రం కట్టకండి. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 30 డిగ్రీలు దాటగానే మెత్తబడటం మొదలవుతుంది. కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పొర తేలుతుంది. తింటే ప్రమాదం లేదు గానీ చూస్తే బూజు పట్టినట్టే ఉంటుంది.

అగ్గిపెట్టెల బీరువా

నాలుగు పక్కపక్కన, ఆరు ఒకదాని మీద ఒకటి. మామూలు అగ్గిపెట్టెలైతే మొత్తం 15 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు, అరచేతిలో పట్టేంత. సొరుగులు లోపల ఉండగానే అంటించాలి. ఖాళీ డొల్లల్ని అంటిస్తే నొక్కుడుకు వంకరపోయి సొరుగు దూరదు. చాక్లెట్‌ను పాత కాగితాలతో చేసిన అట్టకు నేరుగా తగలనివ్వకండి. అచ్చు సిరాల్లోని ఖనిజ తైలాలు అట్టలోంచి తినే పదార్థంలోకి దిగుతాయి. జర్మనీలో వస్తువుల్ని పరీక్షించే ‘స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్’ సంస్థ 2012లో చాక్లెట్ క్యాలెండర్లను పరీక్షించినప్పుడు వాటిలో ఈ తైలాల ఆనవాళ్లు బయటపడ్డాయి. చాక్లెట్‌ను రేకులోనే ఉంచి పెడితే సరి.

లోపల ఏం పెట్టాలి?

అసలు పనితనమంతా ఇక్కడే. చాలామంది కుట్టడానికి మూడు వారాలు తీసుకుని, నింపడానికి నవంబర్ 30 రాత్రి అరగంట ఇస్తారు. 24 సంచుల్లోనూ ఒకటే రకం చాక్లెట్ పడుతుంది. నాలుగో రోజుకల్లా పిల్లలు చూడకుండానే చేయి పెట్టి తీసుకుని వెళ్లిపోతారు.

అలా ఎందుకవుతుందో మెదడు శాస్త్రం కొంత చెబుతుంది. వోల్ఫ్రామ్ షుల్ట్స్ అనే మెదడు శాస్త్రవేత్త కోతులకు ఒక దీపం చూపి, కాసేపాగి పళ్లరసం ఇచ్చాడు. అలవాటు పడ్డాక వాటి మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు రసం నోట్లో పడ్డప్పుడు కాకుండా దీపం వెలిగినప్పుడే చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగాక రసం రాకపోతే సరిగ్గా ఆ క్షణానికి మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయాయి. దీన్నిబట్టి మన పనికి రెండు సంగతులు పట్టుకోవచ్చు. ఏం వస్తుందో ముందే తెలిసిపోతే తెరిచే క్షణానికి పస ఉండదు. ఏమీ రాకపోతే మాత్రం చిన్నబోవడం గట్టిగానే ఉంటుంది. కాబట్టి లోపలి వస్తువు చిన్నదైనా ఫర్వాలేదు, ఊహకు అందకపోతే మంచిదే, సంచి ఖాళీగా మాత్రం ఉండకూడదు.

మాకు బాగా కుదిరిన పాళ్లు ఇవి: తినేవి పది, వస్తువులు ఆరు, చీటీలు ఎనిమిది. తినేవాటిలో బంగారు కాగితం చుట్టిన అక్రోట్లు, బంగాళదుంపల్లా ఉండే చిట్టి మార్జిపాన్ (బాదం, పంచదార ముద్ద) ఉండలు, డోమినోస్టైన్ అనే చాక్లెట్ పూత మిఠాయి ముక్కలు, చిన్న లేబ్‌కూహెన్ (మసాలా దినుసుల బిస్కట్టు). వస్తువుల్లో పెన్సిల్, చెక్కుకునే మర, పోగులతో తోరం కట్టగలిగే గడ్డి నక్షత్రాలు, పాత పోస్టుకార్డును ముక్కలు చేసిన పజిల్. చీటీల్లో చేయాల్సిన పనులుంటాయి: ఈ సాయంత్రం బిస్కట్లు కాల్చడం, చీకటిపడ్డాక క్రిస్మస్ సంతకు నడిచి వెళ్లడం, నిద్రకు ముందు రెండు కథలు. క్యాలెండర్ ఖరీదు తగ్గేది చీటీల వల్లే, పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుండేవీ అవే.

చీటీలను మాత్రం వారాలు చూసుకునే వేయాలి. 2026లో డిసెంబర్ 1 మంగళవారం. ‘ఈరోజు బిస్కట్లు కాలుద్దాం’ అనే చీటీ ఆ రోజే వస్తే, ఇంటికి ఆరింటికి చేరే తల్లిదండ్రులు ‘శనివారం చూద్దాం’ అంటారు. అంతే, చీటీ అంటే వాయిదా అని పిల్లలు తేల్చేసుకుంటారు. గంటకు మించే పనులన్నీ శని, ఆదివారాలకు, పది నిమిషాల పనులు మిగతా రోజులకు వేయండి. డిసెంబర్ 6 సెయింట్ నికొలాస్ రోజు. ముందురాత్రి బయట పెట్టిన బూట్లలో ఎలాగూ మిఠాయిలు పడతాయి కాబట్టి 6వ సంచిలో తినేది వద్దు, చీటీ చాలు. 2026లో అది రెండో ఆగమన ఆదివారం కూడా. దండలో రెండో కొవ్వొత్తి వెలిగించే పనిని ఆ చీటీలోనే రాసేయొచ్చు.

విలువ రోజురోజుకీ పెంచుకుంటూ పోవద్దు. 1న పెన్సిల్, 10న బొమ్మ కారు, 20న ఇంకా పెద్దది అంటూ వెళితే 24 సాయంత్రం చెట్టు కింది కానుక వెలవెలబోతుంది. ఎత్తుపల్లాలు ఉండాలి: మూడు చిన్నవి, ఒక మంచిది, మళ్లీ రెండు చిన్నవి. 24వ సంచిలో వస్తువు పెట్టకుండా ఆ సాయంత్రానికి పనికొచ్చేది పెట్టడం మేలు. చెట్టు కొమ్మకు తగిలించే నక్షత్రం గానీ, కానుకల గది తాళంచెవి గానీ.

అన్నీ ఒకేసారి నింపకండి. గుడ్డ సంచిలో బిస్కట్టు ఎక్కువ రోజులు నిలవదు. నెలవంక ఆకారపు వనిల్లెకిప్ఫెర్ల్ బిస్కట్ల లాంటివి పొడైపోతాయి, లేబ్‌కూహెన్ రాయవుతుంది. ప్రతి శనివారం రాత్రి ఏడు సంచులు నింపితే సరిపోతుంది. దొంగచూపుల బెడదా ఉండదు, ఎందుకంటే చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదు. మిగిలిన లేబ్‌కూహెన్‌ను డబ్బాలో ఒక యాపిల్ ముక్కతో పాటు మూసి ఉంచితే మెత్తబడుతుంది. ముక్కను రెండు రోజులకోసారి మార్చకపోతే బూజు వస్తుంది.

రోజూ తెరిచేటప్పుడు

వేళ మార్చకండి. బడికి ముందైతే బడికి ముందే, రాత్రి భోజనం తర్వాతైతే అప్పుడే. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండూ తెరవొచ్చు. శిక్షగా సంచి తీసేయడం ఈ క్యాలెండర్‌తో చేయకూడని పని. ఊరెళ్లాల్సి వస్తే ఆ రోజుల చీటీలు కవర్లలో వేసుకుని వెంట తీసుకెళ్లండి.

ఇద్దరు పిల్లలకు ఒకే క్యాలెండర్ అయితే బేసి రోజులు ఒకరికి, సరి రోజులు ఒకరికి. లెక్కకు చెరి పన్నెండు వస్తాయి గానీ 24 సరి వైపే పడుతుంది, దాంతో గొడవ మొదలవుతుంది. 24ను ఉమ్మడి చేయండి. అప్పుడు సరి వైపు ఒకటి తగ్గినా నికొలాస్ రోజైన 6 వాళ్లదే కాబట్టి సర్దుకుంటారు. మరుసటి ఏడాది వైపులు మార్చాలి. అది ఏదైనా కాగితం మీద రాసి పెట్టుకోండి, పిల్లలు గుర్తుపెట్టుకున్నంతగా పెద్దలు పెట్టుకోరు.

పెద్దవాళ్ల మధ్య ఇంకో పద్ధతి నడుస్తుంది. 24 మంది స్నేహితులు చేరి ఒక్కొక్కరు ఒక అంకె తీసుకుంటారు. తమ అంకెకు ఒకే రకం చిన్న పొట్లాలు 24 తయారుచేసి, నవంబర్ చివరి వారంలో కలిసి పంచుకుంటే ప్రతి ఒక్కరికీ 24 రకాల పొట్లాలతో పూర్తి క్యాలెండర్ దక్కుతుంది. పన్నెండు మందే ఉంటే మనిషికి రెండు అంకెలు, ఒక్కోదానికి పన్నెండు పొట్లాలు. ఒక్కరు చివర్లో మానుకున్నా అందరి క్యాలెండర్‌లోనూ అదే రోజు ఖాళీ పడుతుంది. అందుకే నిర్వహించేవాళ్లు అదనంగా ఒక రకం సిద్ధంగా ఉంచుకోవాలి. పాడయ్యే తిండి వద్దని, పొట్లం ఎంత పెద్దదుండాలో ముందే చెప్పండి.

ఇదే పద్ధతిని పుట్టినరోజుకో ప్రయాణానికో వాడొచ్చు, కానీ గడువు తక్కువ పెట్టండి. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్ 1987లో, ఇష్టమైన సినీతార ముద్దు కోసం ఎంత ఇస్తారని అడిగితే, వెంటనే దొరికేదానికంటే మూడు రోజులాగి దొరికేదానికే జనం ఎక్కువ ఇస్తామన్నారు. ఏడాది, పదేళ్లు ఆగాలంటే ఆ విలువ తగ్గింది. ప్రయాణానికైతే వారం, పది సంచులు చాలు. తేదీ ఖాయం కాని పనికి మాత్రం క్యాలెండర్ కట్టొద్దు. టికెట్లు రద్దయితే సగం తెరిచిన సంచులు గోడ మీద వెక్కిరిస్తాయి.

24 తర్వాత సంచుల్ని తిరగేసి దులిపి, ఉతికి ఆరేయండి. మార్జిపాన్ పొడి మిగిలితే అటకమీద చీమలు పడతాయి. కాగితం క్యాలెండర్ తలుపుల్ని మూసి బరువు కింద పెడితే మరో ఏడాది వాడుకోవచ్చు. తెగిన తునకల స్థానంలో చిన్న నక్షత్రపు స్టిక్కర్ అంటిస్తే మళ్లీ మూసుకునే ఉంటాయి. ఏ రోజు ఏం పెట్టారో రాసుకున్న కాగితాన్ని సంచులతో పాటే డబ్బాలో వేయండి. వచ్చే నవంబర్‌లో మొదట వెతుక్కునేది దాన్నే.